ఆ సంపులోకి దిగేదెవరు?



పోయినవారం హైదరాబాద్ పడమటి వైపు ఒక గేటెడ్ కమ్యూనిటీలో పనిచేసే తమ్ముడిని కలవడానికి వెళ్లాను. పేరు రాయను, ఉద్యోగం పోతుంది. రెండో బేస్‌మెంట్‌లో కార్ల వెనకాల వాళ్ల ‘ప్యాకేజీ ఎస్టీపీ’ ఉంది. ఫ్యాక్టరీలోనే తయారై లారీలో వచ్చి దిగే ఫైబర్ ట్యాంకులు. మురుగు ముందు జాలీ దాటి సంపులో పడుతుంది. పంపు దాన్ని ట్యాంకులోకి ఎత్తుతుంది. బ్లోయర్ గాలి ఊదుతుంటే సూక్ష్మజీవులు మలాన్ని తింటాయి. తేటపడ్డ నీళ్లు ఇసుక, బొగ్గు ఫిల్టర్లు దాటి తోటకూ ఫ్లష్‌కూ వస్తాయి. మంచి యంత్రమే. పచ్చి మురుగు చెరువుల్లోకి వదలడం కంటే వెయ్యి రెట్లు మేలు.

బిల్డర్ బ్రోచర్‌లో ‘ఫుల్లీ ఆటోమేటిక్’ అని ఉంది. అదే తమ్ముడిని అడిగాను. “అన్నా, బట్టముక్కలు, ప్యాడ్లు, డైపర్లు మోటరుకు చుట్టుకుంటయి. మోటరు ఆగితే ఆటోమేటిక్ అంటే నేనే” అన్నాడు. నవ్వాడు కూడా. నాకు నవ్వు రాలేదు.

నిలవ మురుగులో హైడ్రోజన్ సల్ఫైడ్ పుడుతుంది. గాలికంటే బరువు కాబట్టి అడుగున పేరుకుంటుంది. కొద్దిగా ఉంటే కుళ్లిన గుడ్డు కంపు. ఎక్కువైతే ముక్కు మొద్దుబారి ఆ కంపే తెలియదు. వాసన పోయింది కదా అని దిగినవాడు రెండు మూడు ఊపిర్లలో కూలిపోతాడు. వాణ్ని లాగడానికి రెండోవాడు, ఆ వెనక మూడోవాడు. పేపర్లో రెండంగుళాల వార్త. ఇంటిపేర్లు చూస్తే ఏ వాడ బిడ్డలో మనకు తెలిసిపోతుంది.

2013 చట్టం ఆ ఏడాది డిసెంబర్ 6న, బాబాసాహెబ్ వర్ధంతి రోజున అమల్లోకి వచ్చింది. రక్షణ లేకుండా సీవర్‌లో, సెప్టిక్ ట్యాంకులో మనిషిని దించడం నేరం. కానీ దాని కింద రాసిన నిబంధనలు చదవండి. రక్షణ పరికరాలు తొడిగి దించొచ్చని మినహాయించిన పనుల్లో ఒకటి, బావి అడుగున బిగించిన సబ్‌మర్సిబుల్ పంపును బయటికి తీయడం. మా తమ్ముడు చేసేది సరిగ్గా అదే. పరికరాలు మాత్రం లేవు. 2023 అక్టోబర్‌లో సుప్రీంకోర్టు సీవర్ మరణాలకు పరిహారాన్ని 10 లక్షల నుంచి 30 లక్షలకు పెంచింది. మంచిదే. మరి దిగకుండా ఉండటానికి ఎంతవుతుందో ఎవరూ లెక్క వేయరేం?

పెద్దగా అవదు. పంపును అడుగున బోల్టులతో బిగించే బదులు, నిలువు గైడ్ పైపుల మీద జారేలా పెట్టి గొలుసు కడితే, పైన నిలబడి చైన్ పుల్లీతో లాగేయొచ్చు. ఇదేం కొత్త విద్య కాదు, పంపులు అమ్మేవాళ్లను అడగండి. జాలీని చేతికందే ఎత్తులో పెట్టొచ్చు. బురదను వాక్యూమ్ ట్యాంకర్‌తో తోడొచ్చు. ‘బేస్‌మెంట్‌లో పుల్లీకి చోటు లేదండీ’ అంటారు. ప్రతి కారుకూ చోటు కొలిచి గీసినాయనకు పుల్లీ గుర్తు రాలేదంటే, దిగడానికి మనిషి దొరుకుతాడన్న ధీమాతోనే గీశాడు. కులం ఆ డ్రాయింగ్‌లోనే ఉంది.

జపాన్‌లో మురుగు లైన్లు లేని చోట్ల ఇళ్లకు ఇలాంటి చిన్న ప్లాంట్లే ఉంటాయి, జోకాసో అంటారు. వాటికోసమే 1983లో చట్టం చేశారు. నిర్వహణకు లైసెన్సున్న టెక్నీషియన్, ఏటా తనిఖీ, బురద తీత. ఇక్కడ ఆ పనికి హౌస్‌కీపింగ్ కాంట్రాక్టర్ పంపిన కుర్రాడు. ఐడీ కార్డు మీద మాత్రం ‘ఆపరేటర్’ అని రాశారు. పాకీ అనే మాట పోయింది, అంతే.

యూనివర్సిటీ తమ్ముళ్లూ, చెల్లెళ్లూ, మీ హాస్టల్ వెనక కూడా ఒకటి ఉండొచ్చు. ఈ వారం వెళ్లి చూడండి. మూత ఎత్తి తొంగిచూడొద్దు. ఆపరేటర్‌కు టీ ఇప్పించి కూర్చోబెట్టి అడగండి. పంపు గొలుసు మీద ఉందా? గ్యాస్ మీటర్ ఉందా? కిందటిసారి లోపలికి దిగిందెవరు? అతని పేరు లేకుండా రాసి పంపండి. వచ్చే భాగం వాటితోనే.