అబ్బా బండి మీద ఎవరి హక్ ఎంత?



పోయిన నెల ఒక ఆదివారం, ఫజర్ తర్వాత, రోలుగుంటలో మా ఇంటి ముందు అబ్బా బండి స్టార్టయింది. 1984 నాటి యెజ్డీ రోడ్‌కింగ్. అబ్బా మర్హూమ్ అయ్యాక పదకొండేళ్లు పశువుల పాకలో ఖామోష్‌గా పడి ఉంది. రెండు సైలెన్సర్ల నుంచి ఆ పాత చప్పుడు రాగానే అమ్మీ వంటింట్లోంచి వచ్చి గుమ్మం పట్టుకుని నిలబడింది. ఏమీ మాట్లాడలేదు. వీధిలోవాళ్లు మాత్రం “శభాష్, నాన్న బండిని బతికించావు” అన్నారు.

ఆ శభాష్‌లో నా హిస్సా ఎంతో లెక్క తీద్దామనే ఈ నాలుగు మాటలు. ఎందుకంటే ఈ మధ్య మన ఇళ్లలో కుర్రాళ్లకి పాత బళ్ల షౌక్ బాగా పెరిగింది. షౌక్ మంచిదే. కానీ బండికి మెరుగు పెట్టడం వేరు, బండి మీదున్న హక్కులు తీర్చడం వేరు. మొదటిది చేసి రెండోది మరిచిపోతే అది మరమ్మతు కాదు, ఉత్త నుమాయిష్.

ముందుగా ఈ బండిని నిజంగా బాగుచేసింది ఎవరో చెప్పాలి. మైసూరులో 1960లో ఐడియల్ జావా కంపెనీ పెట్టారు. చెకోస్లొవేకియా జావా లైసెన్సు మీద బళ్లు చేసింది. తర్వాత బండి పేరు యెజ్డీగా మార్చింది. ఇరాన్‌లోని యజ్ద్ షహర్ పేరు మీద ఆ పేరు పెట్టారని చెబుతారు. రోడ్‌కింగ్ 1978లో వచ్చింది. 1996లో ఫ్యాక్టరీయే మూతపడింది. 2022లో యెజ్డీ పేరుతో మళ్లీ బళ్లు వచ్చాయి గానీ అవి 334 సీసీ ఫోర్ స్ట్రోక్. మనది 250 సీసీ టూ స్ట్రోక్. వాటి ఇంజిన్ సామాను దీనికి పనికిరాదు.

అంటే ఈ బండి చేసిన ఫ్యాక్టరీ లేదు, షోరూం లేదు. అయినా బండి రోడ్డు మీద ఉందంటే, తమకు తెలిసింది దాచుకోని మనుషులు ఉన్నారు కాబట్టే. ఏటా జూలై రెండో ఆదివారం దేశంలో చాలా షహర్లలో జావా, యెజ్డీ షౌకీన్లు బళ్లు తీసుకొచ్చి ఒకచోట కలుస్తారు. అలా ఒకరి నుంచి ఒకరికి ఫోన్ నంబర్లు దొరికి నాకు ముగ్గురు దోస్తులు దొరికారు.

మొదటాయన అనకాపల్లిలో రిటైరైన లేత్ వర్కర్. నేను మావయ్యా అని పిలుస్తాను. మా ఇంజిన్ పిస్టన్ పట్టేసి కిక్ దిగడం లేదు. నేను సుత్తి తీసుకున్నాను. ఫోన్లో చూసి ఆయన ఒక్క కేక వేశాడు. “సుత్తి పక్కన పెట్టు బాబూ. ప్లగ్ తీసి ఆ కన్నంలో డీజిల్ పోసి వారం రోజులు దాని జోలికెళ్లకు.” ఆరో రోజుకే కదిలింది. సబర్ గురించి ఎన్ని బయాన్లు విన్నానో గానీ ఆ వారం నేర్చుకున్నంత ఎప్పుడూ నేర్చుకోలేదు.

రెండో మనిషి మైసూరు కుర్రాడు. మొహం కూడా నేను నేరుగా చూడలేదు. ఇంజిన్ స్టార్టయినా నిలకడగా తిరక్కుండా ఒక్కోసారి దానంతటదే రేజ్ అయిపోయేది. నేను కార్బురేటర్ మూడుసార్లు విప్పాను. అతను శబ్దం విని, “భాయ్, కార్బురేటర్‌ని వదిలేయండి. క్రాంక్ సీళ్లు ఎండిపోయి గాలి లాగుతోంది” అన్నాడు. సీళ్లు తనే కొని పార్శిల్ పంపాడు. బిల్లు తప్ప ఒక్క రూపాయి ఎక్కువ తీసుకోలేదు.

మూడో మనిషి నర్సీపట్నం ఉస్తాద్. అరవై దాటిన మన చాచా. ఆయన దగ్గరే నేను సిగ్గుపడాల్సిన పని చేశాను. ఇంజిన్ మొత్తం విప్పి బిగించడానికి 3,500 మజ్దూరీ అడిగితే బేరం ఆడి 2,500కి దింపాను. అదే వారం విశాఖలో క్రోమ్ పూతకి అడిగిన 9,000 నోరెత్తకుండా ఇచ్చొచ్చాను. మెరుపుకి అడిగినంత ఇచ్చి, నలభై ఏళ్ల హునర్‌కి బేరమాడిన మనిషిని నేను. తర్వాత వెళ్లి మిగతా వెయ్యి ఇచ్చాను. చాచా నవ్వి, “డబ్బు సరే బేటా, నాకు ఒక షాగిర్ద్ కావాలి. దొరుకుతాడా?” అన్నారు.

నా దగ్గర జవాబు లేదు. మెకానిక్ అంటే రిష్తా కూడా ఇవ్వని ఖాందాన్లు మనవి. చేతికి గ్రీజు అంటితే ఇజ్జత్ తగ్గుతుందనుకుంటాం. అదే కుర్రాడికి వడ్డీ మీద కొత్త బండి కొనిచ్చి మురిసిపోతాం. చాచా దుకాణం మూతపడిన రోజు ఆయనకు తెలిసినదంతా ఆయనతోనే పోతుంది. సెలవుల్లో రెండు నెలలు మన పిల్లాణ్ణి అలాంటి దుకాణంలో కూర్చోబెడితే తప్పేంటి? రోజీ కోసమే కానక్కర్లేదు, పని విలువ తెలియడానికి.

ఇక అసలు మాట. బండి తయారయ్యాక కాగితాలు చూస్తే ఆర్‌సీ ఇంకా అబ్బా పేరు మీదే ఉంది. యజమాని చనిపోతే వారసులు ఫారం 31 పెట్టుకోవాలి, అదీ మూడు నెలల్లో. మేం పదకొండేళ్లు తెల్లారబెట్టాం. మిగతా వారసుల సమ్మతి కావాలనేసరికి పెద్ద ఆపాకి ఫోన్ చేశాను. ఆపా అంది, “బండి విప్పేటప్పుడు అడగలేదు. సంతకం కావాల్సి వచ్చాక గుర్తొచ్చానా తమ్ముడూ?”

నా దగ్గర మాట లేదు. బండి కొడుకుది, కూతుళ్లకి పెళ్లిలో ఇచ్చేశాం కదా అనే మన రివాజులోనే నేనూ పెరిగాను. కానీ మీరాస్ లెక్కలో అబ్బా పొలం ఎంతో అబ్బా బండీ అంతే. చిన్న వస్తువని అక్కాచెల్లెళ్ల హిస్సా ఎగిరిపోదు.

అందుకని కూర్చుని లెక్క వేశాం. మరమ్మతుకి ముందు ఒక షౌకీన్ 32,000 ఇస్తానన్నాడు కాబట్టి అదే ధర. అమ్మీకి ఎనిమిదో వంతు, 4,000. మిగిలిన 28,000లో నాకు 14,000, ఇద్దరు ఆపాలకి చెరో 7,000. ఆపాలు “మాకెందుకురా” అన్నారు. ఆ మాట నేను పట్టుకోలేదు. తమ్ముడి ముందు మొహమాటంతో వద్దనడం మాఫీ కాదు. డబ్బు చేతిలో పెట్టాను. తర్వాత వాళ్లేం చేసుకుంటారో వాళ్లిష్టం. చిన్నాపా తీసుకుంది. పెద్దాపా తన వాటాలోంచి 2,000 తీసి నర్సీపట్నం చాచాకి పంపమంది. పదో తరగతి పరీక్షలకి రోజూ అబ్బా ఈ బండి మీదే తనను తీసుకెళ్లేవాడట. ఆ సంగతి నాకు తెలియనే తెలియదు.

వీధికీ హక్ ఉంది. సైలెన్సర్ లోపలి గొట్టం పీకేస్తే చప్పుడు గట్టిగా వస్తుందని సలహా ఇచ్చినవాళ్లున్నారు. ఆ చప్పుడుకి ఉలిక్కిపడేది పక్కింటి పసిబిడ్డ, మంచం మీదున్న ముసలి ప్రాణం. టూ స్ట్రోక్ పొగ ఎలాగూ ఉంటుంది, ఆయిల్ కొలిచి కలిపితే తగ్గుతుంది. పదిహేనేళ్లు దాటిన బండికి ఐదేళ్లకోసారి రిజిస్ట్రేషన్ రెన్యూవల్, దానితోపాటు ఇన్సూరెన్స్ తప్పనిసరి. యాభై ఏళ్లు దాటినవాటికి 2021లో వింటేజ్ నియమాలు వచ్చాయి గానీ అలా రిజిస్టరైన బండిని రోజూ రోడ్డు మీద తిప్పుకోవడానికి వీల్లేదు. మన రోడ్‌కింగ్‌లకి ఇంకా ఆ వయసు రాలేదు.

మీ ఇంట్లోనూ పాకలోనో, మేడ మెట్ల కిందో ఒక బుల్లెట్టో, రాజ్‌దూతో, చేతక్ స్కూటరో ఉండే ఉంటుంది. కబాడీకి వేసేముందు ఒకసారి ఆలోచించండి. కానీ స్పానర్ పట్టేముందు అక్కాచెల్లెళ్లకి ఫోన్ చేయండి. ఉస్తాద్ దగ్గర బేరమాడకండి. మీకు తెలిసింది అడిగినవాడికి చెప్పండి.

మైసూరు కుర్రాడికి షుక్రియా చెబితే ఒకటే మాట అన్నాడు: “రేపు ఇంకెవరైనా ఫోన్ చేస్తే ఎత్తండి భాయ్, అంతే.” నిన్న చోడవరం నుంచి ఒకాయన చేశాడు. ఆయన బండికి కిక్ దిగడం లేదట. సుత్తి పక్కన పెట్టమన్నాను.