గోదాము మారితే రిజిస్టరు కూడా మారాల

పోయిన నెల మా ఇంట్లో ఒక పంచాయితీ పడింది. భూమి తగాదా కాదు, డబ్బు తగాదా కాదు. చోటు తగాదా. అదీ ల్యాప్‌టాపు లోపల చోటు.

ఇంట్లో ఉండేది ఒకటే ల్యాప్‌టాపు. అదీ సెకండ్ హ్యాండుది. వాడేది ఇద్దరు. మనవరాలు డిప్లొమా సివిల్ చదువుతా ఉంది. మనవడు పియుసి. పాపకు సోమవారం లోపల కాలేజీకి డ్రాయింగులు ఇయ్యాల. దానికి ఆటోక్యాడ్ అనే సాఫ్ట్‌వేరు ఎక్కించాల. పది జీబీ పైన చోటు కావాల. సి డ్రైవు చూస్తే ఎర్ర గీత. మిగిలింది 6 జీబీ.

"తాతా, వీని ఆటలు తీసేయమను" అంది పాప.

"తాతా, తీసేస్తే మళ్ళీ రాదు" అన్నాడు వాడు.

అంతా తినేసింది ఏమిటని చూస్తే కారు పందేల ఆట ఒకటి, ఫోర్జా హొరైజన్ 5. అదొక్కటే 110 జీబీ. ఇంకొకటి లారీ తోలే ఆట, యూరో ట్రక్ సిమ్యులేటర్ 2. దసరా సెలవుల్లో బెంగళూరులో వాళ్ళ మామ ఇంట్లో వైఫై ఉంటే దించుకొని వచ్చినాడు. మా ఊళ్ళో ఉండేది ఫోను డేటా. రోజుకు ఒకటిన్నర జీబీ. నేను నాలుగో తరగతి వరకే చదివినా ఈ లెక్క వస్తుంది. 110ని ఒకటిన్నరతో భాగిస్తే 73 రోజులు దాటుతుంది. అన్ని రోజులూ ఇంట్లో ఎవరూ ఒక్క వీడియో చూడకూడదు, పాఠం వినకూడదు. అంటే వాడు చెప్పింది సాకు కాదు. పాప అడిగిందీ తప్పు కాదు. ఇద్దరిదీ న్యాయమే.

తీసేయడానికీ, పక్కకు పెట్టడానికీ తేడా ఉంది కదా అన్నాను నేను. చెడిపోయిన పాత ల్యాప్‌టాపు లోపలి హార్డ్ డిస్కు ఒకటి బీరువాలో ఉంది. 1 టీబీది. పట్నంలో ఒక అంగడికి తీసుకుపోయి దానికి పెట్టె కొని, యూఎస్‌బీ వైరుతో తగిలించేటట్టు చేయించినాము. అంగడి అబ్బాయి "పాత డిస్కు కదా, ఇక్కడే ఫార్మాట్ కొట్టిస్తా, ఖాళీగా తీసుకుపోండి" అన్నాడు. మనవడు సరే అని తలూపేస్తా ఉన్నాడు. నేను ఆపినాను. గోదాములోకి కొత్త సరుకు దించే ముందు లోపల ముందే ఏముందో చూడాల కదా.

ఇంటికొచ్చి తెరిచి చూస్తే మా పెద్ద పాప పెండ్లి ఫోటోలు, వీడియోలు, మా ఇంటామె బతికుండగా తిరుపతిలో తీసినవి, అన్నీ అందులోనే ఉన్నాయి. ఇంకెక్కడా లేవు. ఫార్మాట్ అంటే డిస్కు మొత్తం తుడిచేయడమే. చాలా మందికి ఆ సంగతి తెలియదు. ఆ పాత డిస్కును విండోస్ కంప్యూటరు నుంచే తీసినాము కాబట్టి ఫార్మాట్ చేసే పనే లేదు. తగిలిస్తే నేరుగా తెరుచుకుంది. ఫోటోలు పోగా 700 జీబీ పైనే ఖాళీ ఉంది.

ఇక్కడ ఇంకొక సందేహం వచ్చింది. "1 టీబీ అని రాసి ఉంది, కంప్యూటరులో 931 అంటుంది, మోసపోయినాము తాతా" అన్నాడు వాడు. మోసం కాదు. మిల్లులో పనిచేసినవాళ్ళకు ఇది సులభంగా అర్థమవుతుంది. 1000 గజాల బట్టను మీటర్లలో కొలిస్తే 914 మీటర్లే వస్తుంది. బట్ట తగ్గలేదు, కొలకర్ర మారింది. డిస్కు చేసేవాళ్ళు వెయ్యి వెయ్యిగా లెక్కపెడతారు. విండోస్ 1024 చొప్పున లెక్కపెడుతుంది. అందుకే 1 టీబీ డిస్కు 931గా కనిపిస్తుంది. మా ల్యాప్‌టాపులో ఉండే 256 కూడా 238 అనే చూపిస్తుంది.

సరే, ఇంక మార్చడమే అనుకున్నాము. మనవడు నన్ను అడగకుండానే కారు ఆట ఫోల్డరు పట్టుకొని కట్ కొట్టి కొత్త డిస్కులో పేస్ట్ కొట్టినాడు. గంట పైన పట్టింది. తర్వాత ఆట తెరిస్తే తెరుచుకోలేదు. ఫైలు కనబడలేదని చెప్తుంది. వాని ముఖంలో నెత్తురు చుక్క లేదు.

అప్పుడు నాకు మా మిల్లు సంగతి ఒకటి గుర్తొచ్చింది. నేను కొన్నేళ్ళు పత్తి గోదాములో ఉన్నాను. ఒక్కో బేలు 170 కిలోలు. ఒక వానాకాలం రాత్రి ఒకటో గోదాము పైకప్పు కారుతా ఉంటే మేస్త్రి చెప్పినాడని 40 బేళ్ళు మూడో గోదాముకు తోసినాము. చేసింది మంచి పనే. కానీ రిజిస్టరులో ఎవరూ రాయలేదు. పొద్దున గుమాస్తా ఒకటో గోదాము తెరిస్తే ఖాళీ. మిక్సింగు దగ్గర పని నిలిచిపోయింది. సరుకు మిల్లులోనే ఉంది. లెక్కలో మాత్రం లేదు. ఆ రోజు మేము తిన్న తిట్లు ఇప్పటికీ మరిచిపోలేదు.

కంప్యూటరులో ఆట కూడా అంతే. వాడు ఆటలు కొనేది స్టీమ్ అనే దుకాణంలో. 2003లో మొదలైన అమెరికా కంపెనీ దుకాణం అది. ఆ స్టీమ్ ప్రోగ్రామే గుమాస్తా. ఆట ఫైళ్ళన్నీ స్టీమ్‌యాప్స్ అనే ఫోల్డరు లోపల, కామన్ అనే ఫోల్డరులో ఉంటాయి. అది గోదాము. ఒక్కో ఆటకు ఒక్కో చిన్న చీటీ స్టీమ్‌యాప్స్‌లో వేరేగా రాసి పెట్టుకుంటుంది. అది రిజిస్టరు. మనవడు బేళ్ళు తోసినాడు, రిజిస్టరు ముట్టలేదు. గుమాస్తా పాత గోదాములో వెతుకుతా ఉన్నాడు.

ఇక్కడే పెద్ద ప్రమాదం ఉంది. ఫైళ్ళు సరిచూడమని స్టీమ్‌లో ఒక బటను ఉంటుంది. వాడు కంగారులో దాన్ని నొక్కబోయినాడు. నొక్కింటే ఫైళ్ళు లేవు కాబట్టి ఆట మొత్తం మళ్ళీ దించడం మొదలుపెట్టేది. 73 రోజుల లెక్క అక్కడే మొదలయ్యేది. "ఆగరా, తీసిన చోటే పెట్టు" అన్నాను. మళ్ళీ గంట పైన కూర్చొని అదే ఫోల్డరును, అదే పేరుతో, ముందున్న చోటే పెట్టినాము. ఆట తెరుచుకుంది. వాడు ఊపిరి పీల్చుకున్నాడు.

సరైన దారి గుమాస్తా చేతనే తోయించడం. స్టీమ్ తెరిచి సెట్టింగ్స్‌లో స్టోరేజ్‌కు పోవాల. పైన డ్రైవు పేరు ఉండే చోట నొక్కి, కొత్త డిస్కును చేర్చాల. తర్వాత పాత డ్రైవులో ఉండే ఆటకు టిక్ పెట్టి, మూవ్ నొక్కి, కొత్త డిస్కును చూపించాల. అంతే. అదే ఫైళ్ళు మారుస్తుంది, అదే చీటీ మారుస్తుంది. డేటా ఖర్చు కాదు. పని అయ్యేంత వరకు వైరు పీకకూడదు, ల్యాప్‌టాపు మూయకూడదు. మా ఊళ్ళో కరెంటు నమ్మేది కాదు కాబట్టి బ్యాటరీ నిండుగా పెట్టుకొని మొదలుపెట్టినాము.

ఈసారి అరగంటలోనే అయిపోయింది. ఎందుకంటే ముందు రెండుసార్లూ వైరును నల్ల యూఎస్‌బీలో పెట్టినాము. ఈసారి లోపల నీలం రంగు ఉండే దాంట్లో పెట్టినాము. ఎక్కువ ల్యాప్‌టాపుల్లో నీలం రంగుది వేగంగా పోయే రకం.

ఎపిక్ అనే ఇంకొక దుకాణం ఉంది. వాళ్ళ ఆటలకు పిల్లకాయలు ఇంకొక ఉపాయం చేస్తారు. ఆట ఫోల్డరును వేరే చోట జాగ్రత్తగా దాచి, ఎపిక్‌లో ఆ ఆటను తీసేసి, కొత్త డిస్కులో మళ్ళీ ఎక్కించడం మొదలుపెట్టి, కొంచెం దిగినాక ఆపేస్తారు. దాచిన ఫైళ్ళను ఆ కొత్త ఫోల్డరు మీద పరిచి, మళ్ళీ సాగనిస్తారు. అది ఉన్నవాటిని సరిచూసుకొని, లేనిది మాత్రమే దించుకుంటుంది. విండోస్ స్టోరులో తీసుకున్నవాటికి సెట్టింగ్స్‌లో యాప్స్ దగ్గర పేరు పక్కన మూడు చుక్కలు నొక్కితే కొన్నింటికి మూవ్ అని వస్తుంది. ఆటోక్యాడ్ లాంటివాటిని మాత్రం ఎప్పుడూ కట్ పేస్ట్ చేయకూడదు. వాటి చీటీలు విండోస్ లోపల పది చోట్ల ఉంటాయి. తీసి, మళ్ళీ ఎక్కించుకోవాల్సిందే.

తర్వాత వాడు లారీ ఆట గురించి దిగులు పడినాడు. ఎనిమిది నెలలుగా అందులో లారీలు తోలి, అప్పులు తీర్చి, ఆటలోనే గ్యారేజీ కొన్నాడంట. "అదంతా పోతుందా తాతా?" అన్నాడు. పోదు. ఆ ఆటలో మనం చేసిన కష్టం లెక్క ఆట ఫోల్డరులో ఉండదు. డాక్యుమెంట్స్‌లో ఆ ఆట పేరుతోనే వేరే ఫోల్డరు ఉంటుంది, అందులో ఉంటుంది. ఆటను ఎక్కడికి మార్చినా అది సి డ్రైవులోనే నిలిచి ఉంటుంది. చాలా చిన్నది. అందుకే దాన్ని ఇంకొక చోట నకలు తీసి పెట్టుకోమన్నాను. కొన్ని ఆటల లెక్కను స్టీమ్ వాళ్ళ దగ్గర కూడా దాచి పెడుతుంది, అన్నింటిదీ కాదు. ఆట మళ్ళీ దొరుకుతుంది. ఎనిమిది నెలల కష్టం దొరకదు.

పాత డిస్కుకు మార్చినందుకు ఒక నష్టం ఉంది, అదీ చెప్పాల. ల్యాప్‌టాపు లోపల ఉండేది ఎస్ఎస్‌డీ. అందులో తిరిగే భాగం ఏమీ లేదు. పాత హార్డ్ డిస్కు లోపల పళ్ళెం తిరుగుతుంది, మన బాబిను తిరిగినట్టు. అందుకే ఆట తెరుచుకోవడం ఆలస్యమవుతుంది. తెరుచుకున్నాక పెద్ద తేడా లేదంటాడు వాడు. స్టార్‌ఫీల్డ్, బాల్డర్స్ గేట్ 3 లాంటి కొత్త ఆటలకు మాత్రం ఎస్ఎస్‌డీ ఉండాలనే కంపెనీలు చెప్తాయి. అట్లాంటివాటిని లోపలే ఉంచి, మిగతావి బయటికి తోసుకోవాల. సి డ్రైవును మళ్ళీ గొంతు దాకా నింపొద్దు. విండోస్‌కు అప్‌డేట్లు వచ్చినప్పుడు ఆడుకోవడానికి చోటు ఉండాల.

ఫోనులో ఆడే పిల్లలకు కూడా రెండు మాటలు. మెమొరీ కార్డు వేసే ఫోనైతే సెట్టింగ్స్‌లో ఆ యాప్ పేరు నొక్కి స్టోరేజ్ చూడండి. కొన్నింటికి కార్డుకు మార్చే బటను ఉంటుంది, చాలావాటికి ఉండదు. లేకపోతే ఫైళ్ళను చేత్తో కదిలించొద్దు. ముందు ఫోటోలు, వీడియోలు కార్డుకు మార్చుకోండి. అవి ఎక్కడున్నా తెరుచుకుంటాయి.

ఆదివారం సాయంత్రానికి సి డ్రైవు ఎర్ర గీత పోయి నీలం గీత వచ్చింది. పాప ఆటోక్యాడ్ ఎక్కించుకొని రాత్రి రెండు దాకా కూర్చొని డ్రాయింగులు ముగించింది. మనవడు పక్కనే కూర్చొని టీ కాచి ఇచ్చినాడు. పొద్దున ముఖం ఉడుక్కొని వచ్చి "తాతా, మళ్ళీ ఆట పోయింది" అన్నాడు. చూస్తే డిస్కు బీరువాలోనే ఉంది, తగిలించలేదు. గోదాము తాళం తీయకుండా సరుకు ఎట్ల వస్తుందిరా అని నవ్వినాను.

ఆ డిస్కు పాతది. ఏదో ఒక రోజు నిలిచిపోతుంది. ఆటలు పోతే పోయినాయి, మళ్ళీ బెంగళూరు పోయినప్పుడు దించుకుంటాడు. అందుకే ఖాళీ అయిన సి డ్రైవులో మొదట చేయించిన పని, మా ఇంటామె ఫోటోలను ఇంకొక నకలు తీయించడం. మీ ఇండ్లలో కూడా పాత డిస్కులు, పాత ఫోన్లు బీరువాల్లో పడి ఉంటాయి. ఎవరైనా ఫార్మాట్ కొడతామంటే, ముందు తెరిచి చూడండి.