వినే బడి కోసం మా ప్రణాళిక

ఖమ్మం మైదానం ముగిసి అడవి మొదలయ్యే ఈ సరిహద్దులో, గుండాల నుంచి చర్ల దాకా, వేలమంది పిల్లలకు బడే ఇల్లు. చిన్న వయసులో ఆశ్రమ పాఠశాలలో అడుగుపెట్టిన బిడ్డ అక్కడే తింటుంది, అక్కడే నిద్రపోతుంది, అమ్మ గుర్తొస్తే అక్కడే ఏడుస్తుంది. ఆ ఇంటికి మెనూ ఉంది, హాజరు పట్టీ ఉంది, పరీక్షల పట్టిక ఉంది. దిగులుపడ్డ బిడ్డ పక్కన కూర్చుని వినడమే వృత్తిగా గల మనిషి లేరు. ఆ మనిషిని, అంటే పాఠశాల మనస్తత్వ నిపుణుడిని, ప్రతి బడికీ తేవడానికి మేము బయలుదేరాం. మార్కులతోనే బిడ్డను కొలిచిన కాలం ముగిసింది. రాబోయే కాలానికి మా విశ్వాసాలు ఇవి.

1. మనసు చదువుకు బయటి విషయం కాదు. 1896లో ఫిలడెల్ఫియాలో మనస్తత్వ శాస్త్రవేత్త లైట్నర్ విట్మర్ ప్రపంచంలోనే తొలి మనస్తత్వ శాస్త్ర క్లినిక్ తెరిచినప్పుడు, అక్కడికి వచ్చిన మొదటి పిల్లవాడికి ఉన్న ఇబ్బంది అక్షరాలు కూర్చుకోలేకపోవడం. వాడిని తీసుకొచ్చింది వాడి టీచరే. పాఠశాల మనస్తత్వ నిపుణుల వృత్తికి మూలం పాఠం దగ్గర తడబడిన ఒక బిడ్డ. నిపుణుల గది గడప తొక్కితే పిచ్చి ముద్ర పడుతుందన్న భయాన్ని మేము తుడిచేస్తాం. 2015–16 జాతీయ మానసిక ఆరోగ్య సర్వే ప్రకారం 13–17 ఏళ్ల వారిలో 7.3 శాతం మందికి ఏదో ఒక మానసిక సమస్య ఉంది. ఇది ప్రతి బడి విషయం, ప్రతి తరగతి విషయం.

2. బిడ్డను బిడ్డ మాటలోనే వినాలి. ఇంట్లో కోయ, బడిలో తెలుగు, పుస్తకంలో ఇంగ్లిష్. ఈ మూడింటి మధ్య మౌనంగా మిగిలిన పిల్లను మొద్దు అనడం తేలిక. ఆ మౌనానికి కారణం భాష తెలియకపోవడమా, చెవి వినపడకపోవడమా, రక్తహీనతా, నిజంగానే అభ్యసన వైకల్యమా అని విడదీసి చెప్పడం శిక్షణ పొందిన వారి పని. నగరపు పిల్లల కోసం తయారైన పరీక్షతో గుంపులో, అంటే అడవిలోని చిన్న గూడెంలో, పెరిగిన బిడ్డ తెలివిని కొలవనివ్వం. 2004లోనే ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం కోయతో సహా ఎనిమిది గిరిజన భాషల్లో బడి తెరవాలని తలపెట్టింది. పాఠానికి ఒప్పుకున్న సూత్రం పరామర్శకూ వర్తించాలి.

3. ఈ నేల కష్టసుఖాలు తెలిసినవారే ఈ పిల్లలకు తోడు కాగలరు. మిర్చి ఏరే కాలంలో, తునికాకు కాలంలో తల్లిదండ్రుల వెంట బడి విడిచే పిల్లలున్నారు. 2005 తర్వాత బస్తర్ హింసకు ఊళ్లు వదిలివచ్చిన గుత్తికోయ కుటుంబాల పిల్లలున్నారు. 2022 జులైలో భద్రాచలం వద్ద గోదావరి 71.3 అడుగులకు చేరినప్పుడు కట్టుబట్టలతో శిబిరాలకు వెళ్లిన పిల్లలున్నారు. ఈ అనుభవాలు వారితోపాటే తరగతి గదిలో కూర్చుంటాయి. తిరిగొచ్చిన బిడ్డను ఆలస్యానికి నిలదీయకముందే, ఏం జరిగిందో అడిగే బడి కావాలి.

4. బిడ్డను సరిచేసే ముందు బడిని సరిచేయాలి. శారీరక శిక్షను, మానసిక వేధింపును 2009 విద్యాహక్కు చట్టం 17వ సెక్షన్ నిషేధించింది. చట్టం చెయ్యెత్తవద్దంటుంది, చెయ్యెత్తకుండా తరగతిని నడిపే నేర్పును టీచర్‌తో కలిసి పెంచేది నిపుణులు. కొత్తగా చేరిన పిల్లల మొదటి వారాలు, ఇంటికి ఫోన్ చేసుకునే వేళ, పెద్ద పిల్లల వేధింపు, రాత్రి వార్డెన్ పలకరింపు, అన్నీ వారి పనిలో భాగమే.

5. నమ్మకమే ఈ వృత్తికి పునాది. బిడ్డ చెప్పింది స్టాఫ్‌రూమ్ కబురు కారాదు. ప్రాణాపాయం ఉన్నప్పుడు మాత్రం, ఎవరికి చెబుతున్నామో బిడ్డకు తెలిపి, కాపాడగల పెద్దలకు చెప్పాలి. కుటుంబం నమ్మే ఊరి పూజారిని చులకన చేయకుండా, ఆసుపత్రిని ఆలస్యం చేయకుండా రెండు వైపులా మాట కలపగలగాలి. 2022 అక్టోబరులో మొదలైన మానసిక ఆరోగ్య సహాయవాణి టెలి మానస్ నంబరు 14416 ప్రతి హాస్టల్ గోడ మీద ఉండాలి. అయితే ఫోన్‌లోని గొంతు, రోజూ కనిపించే ముఖానికి బదులు కాదు.

6. ఇది దయ కాదు, హక్కు. విశాఖలో నీట్‌కు చదువుతున్న ఒక విద్యార్థిని మృతిపై తండ్రి సాగించిన పోరాటంలో 2025 జులై 25న సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. వందమంది, ఆపై విద్యార్థులున్న ప్రతి విద్యాసంస్థలో అర్హత గల కౌన్సెలర్‌నో, మనస్తత్వ నిపుణుడినో, సామాజిక కార్యకర్తనో నియమించాలంది. చిన్న సంస్థలు బయటి నిపుణులతో అనుసంధానం కావాలంది. చావు తర్వాత వచ్చిన ఈ తీర్పును బతికున్న పిల్లల కోసం అమలు చేయించడం మన వంతు. పీఈటీకో, వార్డెన్‌కో అదనపు బాధ్యతగా అంటగడితే ఒప్పుకోం. పోస్టు కావాలి, జీతం కావాలి, తలుపున్న గది కావాలి.

మేము కోరే రేపట్లో, దుమ్ముగూడెం మండలంలోని ఒక కోయ అమ్మాయి మనస్తత్వ శాస్త్రం చదివి, తాను చదివిన ఆశ్రమ పాఠశాలకే ఉద్యోగిగా వస్తుంది. తలనొప్పికి మాత్ర అడిగినంత మామూలుగా పిల్లలు ఆమె గదికి వెళతారు. తప్పిన పరీక్ష మళ్లీ రాసుకునే పరీక్షే తప్ప బతుకు తీర్పు కాదని ఇంటర్ ఫలితాల ముందురోజే వారికి తెలిసి ఉంటుంది. పదో తరగతి దాటకముందే బడి మానే పిల్లల పేర్లు రిజిస్టర్‌లో కొట్టివేతకు గురికావు. ఎందుకు మానారో కనుక్కోవడానికి ఒకరు గుంపు దాకా నడుస్తారు.

ఇది చదువుతున్న మీరు ప్రధానోపాధ్యాయులైతే, ఒక గది ఖాళీ చేయండి. తల్లి అయితే, రాబోయే సమావేశంలో ఈ పోస్టు గురించి అడగండి. అధికారి అయితే, తీర్పు ప్రతిని ఫైలులో పెట్టి పైకి పంపండి. డిగ్రీ చదువుతున్న అడవి బిడ్డవైతే, ఈ వృత్తిని నీదిగా చేసుకో. ప్రతి ఆశ్రమ పాఠశాలలో, ప్రతి గురుకులంలో వినే మనిషికి ఒక కుర్చీ వేయించేదాకా, అందులో బిడ్డ మాట తెలిసిన మనిషి కూర్చునేదాకా మేము ఆగం. మాతో రండి.