నివేదిక ఎవరి సొత్తు?

పత్రికల స్థితిగతులను విచారించమని 1952లో కేంద్ర ప్రభుత్వం జస్టిస్ రాజాధ్యక్ష అధ్యక్షతన తొలి ప్రెస్ కమిషన్‌ను వేసింది. అందులో మన మానికొండ చలపతిరావు సభ్యుడు. నేషనల్ హెరాల్డ్ సంపాదకుడాయన, పాత్రికేయుల సంఘాన్ని నిలబెట్టినవాడు. 1954లో వచ్చిన నివేదిక ఊరికే పోలేదు. 1955లో వర్కింగ్ జర్నలిస్టుల చట్టం, 1956లో పత్రికల రిజిస్ట్రార్, 1966లో ప్రెస్ కౌన్సిల్ ఆ సిఫారసుల ఫలమే.

అన్నీ నిలవలేదు. పెద్ద పత్రికలు చిన్నవాటిని మింగకుండా పేజీలను బట్టి ధర నిర్ణయించాలన్నారు. చట్టమూ వచ్చింది. అది భావప్రకటన స్వేచ్ఛకు అడ్డమని 1961లో సకాల్ పత్రిక కేసులో సుప్రీంకోర్టు కొట్టేసింది. ఎమర్జెన్సీలో ప్రభుత్వం ప్రెస్ కౌన్సిల్‌నే రద్దు చేసింది. అది తిరిగి ప్రాణం పోసుకున్నది 1979లో.

అయితే, మనల్ని ఎక్కువగా కలచివేయాల్సిన ఉదంతం ఆ తర్వాతది. 2009 ఎన్నికల్లో డబ్బు తీసుకుని ప్రకటనలను వార్తలుగా అచ్చేశారని మన తెలుగు పాత్రికేయుల సంఘమే పశ్చిమ గోదావరిలో సర్వే చేసి బయటపెట్టింది. పాత్రికేయులు కె. శ్రీనివాసరెడ్డి, పరంజయ్ గుహా ఠాకుర్తాలతో ప్రెస్ కౌన్సిల్ ఉపసంఘం వేసింది. వారిద్దరూ 71 పేజీల్లో పత్రికల పేర్లతో సహా రాసిచ్చారు. 2010లో కౌన్సిల్ పేర్లు తీసేసి, కుదించి విడుదల చేసింది. అసలు ప్రతి వెలుగు చూడడానికి 2011లో కేంద్ర సమాచార కమిషన్ ఆదేశం కావలసివచ్చింది.

దాచింది ప్రభుత్వం కాదు, పత్రికా స్వేచ్ఛను కాపాడవలసిన సంస్థే. అచ్చు కావలసినదాన్ని అచ్చుతో బతికేవాళ్లే ఆపారు. ఆ బాధ ఇప్పటికీ తగ్గలేదు.

రెండో ప్రెస్ కమిషన్ నివేదిక ఇచ్చింది 1982లో. ఆ తర్వాత ప్రైవేటు చానళ్లు వచ్చాయి, వార్త అరచేతిలోని ఫోన్లోకి చేరింది. మూడో కమిషన్ మాత్రం రాలేదు. రావాలనే మేం కోరుతున్నాం. కానీ ఒక షరతు ముందే చట్టంలో రాయాలి: నివేదిక అందిన రోజే, ఒక్క పేరూ కొట్టేయకుండా, తెలుగుతో సహా అన్ని భాషల్లో జనం చేతికి రావాలి. ఎవరి గురించి విచారించారో వాళ్లకు దాన్ని కత్తిరించే హక్కు ఉండకూడదు.

ప్రెస్ కౌన్సిల్‌లో సాహిత్య అకాడమీ పంపే సభ్యుడికి ఒక స్థానం ఉంది. అంటే అక్కడ రచయితలకూ ఒక కుర్చీ ఉంది. ఇకమీదట ఏ నివేదికైనా బీరువాలోకి వెళ్తుంటే, ఆ కుర్చీ నుంచి మొదటి అభ్యంతరం వినిపించాలి.