పటములోని సుందరి

దేవుని గదిలో దీపము వెలిగించు ప్రతి తెలుగు గృహస్థునకును ఆ ముఖము పరిచితమే. పద్మముపై నిలిచిన లక్ష్మి, వీణ చేబూనిన సరస్వతి. నిండైన మోము, విశాలమైన కన్నులు, పసిమిచాయ, జరీయంచు చీర. ఈ రూపము అనాదియని మనము నమ్ముచున్నాము. కాని దీనికి ఒక కాలము కలదు, ఒక చిత్రకారుడు కలడు, ఒక ముద్రణాలయము కలదు. పందొమ్మిదవ శతాబ్ది ముగిసి ఇరువదవది ఆరంభమైన సంధికాలమున ఇది మన గోడల కెక్కినది. గోడపై నున్నంతకాలము మాకు ఆక్షేపణ లేదు. అది పెండ్లిచూపుల చాపపైకి దిగివచ్చి, మన ఆడుబిడ్డల ప్రక్కన కూర్చుండి వారిని తూచుచున్నది. మేము విచారించుచున్నది అందులకే.

రాజా రవివర్మ 1848లో తిరువాన్కూరు సంస్థానమందలి కిళిమానూరున జన్మించి, 1906లో కాలధర్మము నొందెను. పాశ్చాత్యుల తైలవర్ణ విధానమును అలవరచుకొని, పురాణ స్త్రీలను రక్తమాంసములుగల మానవకాంతలవలె చిత్రించెను. రాజమందిరములకు పరిమితమైన ఆ చిత్రములను అచ్చువేయించి జనులకు అందింపుడని దివానుగా ప్రసిద్ధి కెక్కిన టి. మాధవరావుగారు సలహా నొసగిరి. 1894లో బొంబాయిలో ఆ ముద్రణాలయము వెలసినది. యంత్రములు జర్మనీనుండి వచ్చినవి. వానిని నడుపు నిపుణులును జర్మనులే. కొన్నియేండ్లకు అది లోనావళా చెంతనున్న మళవలికి తరలి, ఫ్రిట్జ్ ష్లైఖర్ అను జర్మనుని హస్తగతమైనది. ఒక్కొక్క వర్ణమునకు ఒక్కొక్క రాతిపలకను సిద్ధపరచి, రంగుపై రంగు నద్ది, ఒకే ముఖమును వేనవేలుగా దేశముపై వెదజల్లిరి.

ఇందువలన కలిగిన మేలును మరువరాదు. ఏ కులములవారికి దేవాలయ ద్వారము మూయబడియుండెనో, వారి గుడిసెలలోనికి లక్ష్మీ సరస్వతులు కొలది పైకముతో స్వయముగా నడచివచ్చిరి. ధర్మకర్తలు చేయని పనిని ఆ కాగితపు పటము చేసినది. జర్మనీ యంత్రముపై అచ్చైనంతమాత్రమున అది పరాయిదను మూఢ స్వదేశీయత మాకు లేదు.

ఇందలి చిత్రమేమనగా, రవివర్మ ఎరిగిన స్త్రీ ఒక్కతె కాదు. ఆయన దేశాటనము చేసి, పలు ప్రాంతముల కట్టుబొట్టులను పరిశీలించెను. 1893లో చికాగో ప్రదర్శనమునకు పంపిన పది చిత్రములలో వేర్వేరు జాతుల, వేర్వేరు అంతస్తుల స్త్రీలు కలరు. దేశదిమ్మరుల దీనకుటుంబమును కలదు. ఆ పదిచిత్రములను నేడెందరు ఎరుగుదురు? మనకు మిగిలినది పూజాపటమందలి యొక్క ముఖము. వ్యాపారమునకు వైవిధ్యము అక్కరలేదు. అమ్ముడుపోవునది ఒక్కటి దొరకిన చాలును. సబ్బులవారును, ఔషధములవారును, గుడ్డల వర్తకులును ఆ మోమునే తమ ప్రకటనలపై అతికించుకొనిరి.

సరిగా ఆ రోజులలోనే అమెరికాలో చార్లెస్ డానా గిబ్సన్ అను చిత్రకారుడు కలముతో ఒక యువతిని గీచి, 'లైఫ్' పత్రికలో ప్రకటించుచుండెను. సన్నని నడుము, ఎత్తుగా ముడిచిన జుట్టు, గర్వపు చూపుగల ఆ 'గిబ్సన్ గర్ల్'ను ఆ దేశపు పడతులు రెండు దశాబ్దములపాటు అనుకరించిరి. మొదటి ప్రపంచయుద్ధముతో ఆమె ప్రాభవము తగ్గి, కురచ జుట్టు పిల్ల ఆమె స్థానము నాక్రమించెను. వేషము వేషముగానే వచ్చినది, వేషముగానే పోయినది. మన సుందరి అట్లు పోలేదు. ఏలయన ఆమె పూజామందిరమున ప్రవేశించినది. పాతబడిన వేషమును విడువవచ్చును గాని, దేవతను విడుచుట యెట్లు?

చలనచిత్రములు ఆ రూపమును మరింత స్థిరపరచినవి. 1913లో 'రాజా హరిశ్చంద్ర'ను నిర్మించిన ఫాల్కే అంతకుపూర్వము రవివర్మ ముద్రణాలయమున పనిచేసినవాడే. తరువాతి పౌరాణిక చిత్రములు నగలును, కిరీటములును, నిలుచు తీరును ఆ పటములనుండియే గ్రహించినవి. తెలుగు సినిమా పాటలలో నేటికిని రవివర్మ పేరు సౌందర్యమునకు పర్యాయపదము. బాపు కాలమున 'బాపు బొమ్మ' యనునది ఇంకొక కొలత యైనది. పటము మారినను, పటముతో పిల్లను పోల్చు అలవాటు మాత్రము మారలేదు.

తెలుపుపై మోజు రవివర్మతోనే పుట్టెనని మేమనము. కవులు బంగారుమేనిని పూర్వమే పొగడిరి. తెల్లదొరల పాలనము ఆ మోజును పెంచినది. కాని భారతమును ఇంటింట చదివించుకొన్న జాతి మనది. యజ్ఞకుండమున జనించిన ద్రౌపదికి 'కృష్ణ' యను నామము మేనిచాయవలననే కలిగినది. రాజులందరు పోటీపడిన ఆ స్వయంవరవధువు నల్లనిది. పటములలో గాని, తెరపై గాని ఆ నలుపు ఎంత అరుదుగ కాననగునో చదువరులే యోచింతురు గాక. నీలమేఘశ్యాముని నిత్యము కొలిచి, కోడలు మాత్రము పచ్చగా నుండవలెనని కోరుట ఎట్టి భక్తి? 'నలుపు నారాయణుడు మెచ్చు' నని నల్లపిల్ల నోదార్చుచుందురు. నారాయణుడు మెచ్చును, మెచ్చనిది వరుని తల్లి.

దీని ఫలితము సామాన్యమైనది కాదు. పిల్ల రంగు తగ్గినకొలది కట్నపు బేరము హెచ్చుచున్నది. 1961లోనే కట్నమును నిషేధించు శాసనము వచ్చినది; నలుపుపై వేయు ఈ సుంకమును మాత్రము ఏ శాసనమును తొలగింపలేదు. పాఠశాల వార్షికోత్సవమున భారతమాత వేషమునకు తెల్లని పిల్లను వెదకు ఉపాధ్యాయులు కలరు. పద్యము చక్కగా చదువు నల్లపిల్ల తెరవెనుక నిలిచిపోవుచున్నది. 1975లో విపణికి వచ్చిన 'ఫెయిర్ అండ్ లవ్లీ' యను లేపనము 2020లో 'గ్లో అండ్ లవ్లీ'గా పేరు మార్చుకొన్నది. సీసాపై తెలుపు మాట పోయినను, కొనువారి మనస్సున అది పదిలముగనే యున్నది.

చిత్రకారుని నిందించుట మా యుద్దేశము కాదు. ఆనంద కుమారస్వామి, సోదరి నివేదిత మొదలగువారు ఆయన రీతిని తీవ్రముగా విమర్శించిరి. రాజమహేంద్రవరమున దామెర్ల రామారావు తన స్వల్పజీవితమున వేరు మార్గమును త్రొక్కెను. ఐనను 1979లో భారత ప్రభుత్వము రవివర్మ కృతులను జాతీయ కళానిధులుగా ప్రకటించినది, అది సముచితమే. చిత్రకారుడు తనకు తోచిన అందమును చూపెను. దానిని తూనికరాయిగా మార్చినవారము మనము. దోషము కుంచెది కాదు, తక్కెడ పట్టిన చేతిది.

కావున గృహస్థులకు మా విన్నపము. దేవుని పటమును తీయనక్కరలేదు. వివాహప్రకటన వ్రాయునపుడు మేనిరంగును గూర్చిన మాటను కొట్టివేయుడు. పెండ్లిచూపులకు పోయినపుడు పిల్ల చదువును, మాటతీరును, మనస్సును అడుగుడు. ఆమె మిమ్ము అడుగు ప్రశ్నలకును సమాధానము చెప్పుడు. ఉపాధ్యాయులారా, రాబోవు ఉత్సవమున భారతమాత వేషమును గొంతు బాగున్న పిల్లకిండు. తల్లులారా, బిడ్డ పుట్టగనే చెవి వెనుక రంగు చూచు అలవాటును మానుడు. స్వరాజ్యము వచ్చిన దేశమున పుట్టిన ఆడుబిడ్డ, నూరేండ్లనాటి కాగితమునకు సరిపోలలేదని తలవంచుకొని నిలువవలసిన అగత్యము లేదు.