ఆఫీసంటే అద్దాల తలుపేనా?

"అక్కా, ఒక్కసారి వచ్చి చూడవూ" అని ఫోన్ చేసింది మా వీధి చివరింటి అమ్మాయి. బీకాం చదివింది. పెళ్లయ్యాక ఎనిమిదేళ్లు ఒక ఆడిటరు దగ్గర పనిచేసింది. ఇప్పుడు చిన్న చిన్న దుకాణాల వాళ్లకి జీఎస్టీ లెక్కలు రాసిపెట్టే ఆఫీసు సొంతంగా పెట్టుకుంటోంది. గుంటూరు బ్రాడీపేటలో ఒక అడ్డరోడ్డు లోపల, మొదటి అంతస్తులో ఒకే ఒక్క గది. పది అడుగుల వెడల్పు, పద్నాలుగు అడుగుల పొడవు.

నేను వెళ్లేసరికి ఇంటీరియర్ కుర్రాడు టేపు పట్టుకుని కొలతలు తీస్తున్నాడు. అతని ఫోన్లో బొమ్మ చూపించాడు. అద్దాల తలుపు, ఫాల్స్ సీలింగు, అందులోంచి నీలం రంగు లైట్లు, ఎదురుగా అర్ధచంద్రాకారంలో రిసెప్షన్ కౌంటరు. అంచనా లక్షా నలభై వేలు.

"బాగుంది కదక్కా?" అంది. బాగానే ఉంది. "మరి నువ్వెక్కడ కూర్చుంటావమ్మా?" అన్నాను. ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. కౌంటరు పోగా మిగిలిన చోట ఒక టేబులు పడుతుంది. ఇద్దరు ఆడపిల్లల్ని పనిలో పెట్టుకోవాలనుకుంటోంది. వాళ్లకి గోడవారగా ప్లాస్టిక్ కుర్చీలట, తర్వాత మారుద్దామట.

ఆ 'తర్వాత' ఎప్పుడొస్తుందో మనకి తెలియనిదా!

ఆమె బ్యాంకు నుంచి తీసుకున్నది రెండు లక్షల ముద్రా లోను. కంప్యూటర్లు, ప్రింటరు, ఇన్వర్టరుకే లక్షా పది వేలు పోతున్నాయి. మిగిలింది తొంభై వేలు. లోటు యాభై వేలకి చేతి గాజులు తాకట్టు పెడదామని అప్పటికే నిర్ణయమైపోయింది. గాజులు ఎవరివో చెప్పక్కర్లేదు.

ముద్రా పథకం 2015 ఏప్రిల్లో మొదలైంది. పదేళ్లు నిండిన సందర్భంగా 2025లో ప్రభుత్వం చెప్పిన లెక్క ప్రకారం 52 కోట్లకు పైగా రుణాలిచ్చారు. అందులో 68 శాతం ఆడవాళ్లవే. సంతోషించాల్సిన సంగతే. కానీ శిశు కింద యాభై వేల దాకా, కిశోర్ కింద ఐదు లక్షల దాకా, తరుణ్ కింద పది లక్షల దాకా ఇస్తారు. తరుణ్ అప్పు సక్రమంగా తీర్చినవాళ్లకి ఇరవై లక్షల దాకా ఇవ్వాలని 2024లో తీసుకొచ్చారు. మన చుట్టుపక్కల ఆడవాళ్లలో ఎక్కువమంది ఉన్నది మొదటి రెండు మెట్ల మీదే. మిషను కొనుక్కుని, సరుకు తెచ్చుకున్నాక కూర్చునే చోటుకి ఎంత మిగులుతుందన్నది ఏ లెక్కలోనూ కనపడదు.

ఇంకో చిక్కు కూడా ఉంది. చాలా బ్యాంకులు సామానుకిచ్చే అప్పు చేతికివ్వవు. కొటేషన్ తెమ్మంటాయి, డబ్బు నేరుగా ఆ దుకాణానికే పంపుతాయి. డబ్బు దారితప్పకుండా అలా చేయడం సబబే. కానీ ముద్రేసిన కొటేషన్ ఎవరిస్తారు? షోరూము వాళ్లూ, ఇంటీరియర్ వాళ్లూ. చెట్టుకింద రంపం పెట్టుకుని మంచి టేబులు చేసిపెట్టే వడ్రంగి ఇవ్వలేడు, పాత ఆఫీసు సామాను అమ్మేవాడూ ఇవ్వలేడు. అలా తక్కువ డబ్బున్న మనిషే ఎక్కువ ధర దారిలోకి వెళ్లాల్సి వస్తోంది. అందుకే మా అమ్మాయికి చెప్పాను, లోను డబ్బంతా బిల్లొచ్చే వాటికి, అంటే కంప్యూటర్లకీ ఇన్వర్టరుకీ కుర్చీలకీ చూపించు, వడ్రంగి పనికి చేతి డబ్బు ఉంచుకో అని.

పన్నుల సంగతీ చూడండి. 2025 సెప్టెంబరు 22 నుంచి ఏసీల మీద జీఎస్టీ 28 నుంచి 18 శాతానికి దిగింది. వెదురు, పేము ఫర్నిచరు మీద 12 నుంచి 5కి తగ్గింది. మామూలు చెక్క, ఇనప ఫర్నిచరు మాత్రం 18లోనే ఉండిపోయింది. "ఏసీ తగ్గిందిగా, అదీ పెట్టించేద్దామా?" అనడిగిందీ పిల్ల. తగ్గింది కొనేటప్పుడు పన్ను, నెలనెలా వచ్చే కరెంటు బిల్లు కాదుగా! ఆఫీసుకి వాణిజ్య కేటగిరీ మీటరు, యూనిట్ ధర ఇంటికన్నా ఎక్కువ. మామూలు సీలింగు ఫ్యాను 70, 75 వాట్లు లాగితే బీఎల్‌డీసీ ఫ్యాను 30 వాట్ల చుట్టుపక్కలే లాగుతుంది, ఇన్వర్టరు మీద కూడా ఎక్కువసేపు తిరుగుతుంది. రెండు ఫ్యాన్లతో మొదలుపెట్టమన్నాను. ఫాల్స్ సీలింగు వేస్తే అసలే తక్కువున్న కప్పు మరో అర అడుగు కిందికొస్తుంది. మే నెల గుంటూరులో ఆ అర అడుగు విలువెంతో ఇంటీరియర్ కుర్రాడికేం తెలుసు, అతను బొమ్మలో చూస్తాడు గానీ!

నీలం లైట్ల బదులు ఇరవై వాట్ల ఎల్‌ఈడీ ట్యూబులు మూడు చాలు. ఒక్కోటి సుమారు రెండు వేల ల్యూమెన్ల వెలుతురిస్తుంది, ఆ గదికి సరిపోతుంది. కంప్యూటరు తెర కిటికీకి ఎదురుగానో, కిటికీ వైపు వీపుపెట్టో కాకుండా, వెలుతురు పక్కనుంచి పడేలా పెట్టుకోవాలి. దీనికి పైసా ఖర్చు లేదు. అయినా ఎవరూ చేయరు, ఎందుకంటే టేబులు ఎటు తిరగాలో వాస్తు చెప్పేస్తుంది కదా. వాస్తుతో నాకు పేచీ లేదు. తూర్పు చూస్తూ కూర్చోండి, ఉత్తరం చూస్తూ కూర్చోండి. తలుపు మార్చమని, గోడ కొట్టమని అంటే మాత్రం అది అద్దె గది అని గుర్తుచేసుకోండి.

టేబుళ్ల సంగతి తేలిక. ప్లైవుడ్ షీటు ఎనిమిది అడుగుల పొడవు, నాలుగడుగుల వెడల్పు ఉంటుంది. నాలుగడుగులకి రెండడుగుల ముక్కలు సరిగ్గా నాలుగొస్తాయి, వృథా లేదు. అంటే ఒక్క షీటుతో నాలుగు టేబుళ్ల పైపలకలు. 19 ఎం.ఎం. ప్లైవుడ్, పైన మైకా, కింద ఇనప కాళ్లు. గోడకి అతికించొద్దని గట్టిగా చెప్పాను. ఖాళీ చేసి వెళ్లేటప్పుడు గోడకి కొట్టింది ఇంటివాళ్లది, నేలమీద నిలబడింది మనది. పార్టికల్ బోర్డు టేబుళ్లు చౌకగా వస్తాయి, కానీ ఊడ్చి తుడిచే అమ్మ బకెట్టు ఒక్కసారి ఒలికితే కాళ్లు ఉబ్బిపోతాయి. ఫైళ్లకి నట్లు బోల్టులు బిగించే ఇనప ర్యాకులు చాలు, పరదా కడితే చూడ్డానికీ బాగుంటాయి.

కుర్చీ దగ్గర మాత్రం పీనాసితనం పనికిరాదు. రోజుకి ఎనిమిది గంటలు మనిషి నడుము ఆనేది దానికే. బజార్లో టేబుళ్లు 30 అంగుళాల ఎత్తు, కుర్చీలు 18 అంగుళాల ఎత్తు. ఐదడుగుల మన ఆడవాళ్లకి ఆ కుర్చీలో కాళ్లు సరిగ్గా నేలకానవు, ఆనించుకుంటే చేతులు టేబులుకి అందవు. సాయంత్రానికి మెడ, భుజాలు పట్టేస్తాయి. ఎత్తు మార్చుకునే కుర్చీ తీసుకోవాలి, టేబులు 28 అంగుళాలకే చేయించుకోవాలి. వడ్రంగి చేత చేయించుకోవడంలో లాభం అదే, కాళ్లు మనమన్నంత కోయిస్తాడు. కరోనా తర్వాత ఖాళీ చేసిన ఆఫీసుల కుర్చీలు పాత సామాను దుకాణాల్లోకి వచ్చాయి, ఇప్పటికీ మంచివి దొరుకుతుంటాయి. కొనేముందు పది నిమిషాలు కూర్చుని చూడండి. దానంతటదే మెల్లగా కిందికి జారిపోతుంటే వదిలేయండి. మా అమ్మాయి మూడు కుర్చీలూ ఒకే రకం తీసుకుంది. "ఓనరుకి పెద్దది వద్దా మేడమ్?" అని షాపువాడు రెండుసార్లు అడిగాడట.

ఇవన్నీ చూసి దిగుతుంటే నాకు అసలు సంగతి తట్టింది. బాత్రూము ఎక్కడ?

ఆ కాంప్లెక్సు మొత్తానికి ఒక్కటే, రెండో అంతస్తు మెట్ల మలుపులో. లోపల గడియ సరిగ్గా పడదు, బల్బు లేదు. తాళంచెవి కింద జిరాక్స్ షాపులో మేకుకి వేలాడుతుంటుంది. అంటే వెళ్లాల్సొచ్చినప్పుడల్లా నలుగురు మగవాళ్ల మధ్యలోంచి వెళ్లి తాళంచెవి అడగాలి. పక్కగదిలో డీటీపీ పని చేస్తున్న పిల్లని అడిగాను, ఎలా అని. పొద్దున తొమ్మిదింటికి ఇంట్లోంచి బయల్దేరితే మళ్లీ సాయంత్రం ఆరింటికేనట. "నీళ్లు తాగనండీ" అంది, అదేదో మంచి అలవాటు చెప్పినట్టు.

నాలుగేళ్లుగా ఆ పిల్ల అక్కడే పనిచేస్తోంది. అన్నేళ్లు పగలంతా నీళ్లు తాగకపోతే, మూత్రం బిగబట్టుకుంటే, ఏమవుతుందో ఏ డాక్టరమ్మని అడిగినా చెబుతుంది. ఆ ఆఫీసుకి మాత్రం మెరిసే అద్దాల తలుపుంది.

మనం ఆఫీసు చూడ్డానికి వెళ్లినప్పుడు అద్దె అడుగుతాం, అడ్వాన్సు అడుగుతాం, పార్కింగ్ అడుగుతాం. బాత్రూము అడగడానికి మాత్రం మొహమాటం. ఓనరు ఆడమనిషైనా అంతే. అడ్వాన్సు చేతిలో ఉన్నప్పుడే అడగాలి, ఇచ్చేశాక మన మాటకి విలువుండదు. మంచి గడియ, బల్బు, బకెట్టు, మూత ఉన్న చెత్తబుట్ట, విడిగా ఒక తాళంచెవి. ఇదంతా కలిపినా ఆ నీలం లైట్ల ఖర్చులో ఎన్నో వంతు?

అద్దం అక్కర్లేదని కాదు. మగ ఓనరు, లోపల విడిగా గది, బయట ఒక్క ఆడపిల్ల ఉండే చిన్న ఆఫీసులు మన ఊళ్లలో కోకొల్లలు. 2013 నాటి లైంగిక వేధింపుల నిరోధక చట్టం పదిమంది, ఆపైన పనిచేసే చోటనే లోపలి కమిటీ పెట్టమంటుంది. అంతకన్నా చిన్న చోట్ల వాళ్లు జిల్లా స్థాయిలో ఉండే స్థానిక కమిటీకి వెళ్లాలి. అలాంటిదొకటుందని ఎంతమందికి తెలుసు? అటువంటి ఆఫీసులో అద్దం ఉండాల్సింది వీధి తలుపుకి కాదు, ఆ లోపలి గది తలుపుకి.

మా అమ్మాయి లెక్క చివరికి ఎనభై రెండు వేలలో తేలింది. వీధి తలుపు పాతదే, రంగు వేయించింది. పేరు బోర్డు మాత్రం కాస్త పెద్దదే పెట్టించింది, దానికి నేను అడ్డు చెప్పలేదు. గాజులు చేతికే ఉన్నాయి. బాత్రూముకి కొత్త గడియ వేయించడానికి, విడిగా తాళంచెవి ఇవ్వడానికి ఇంటివాళ్లు ఒప్పుకున్నారు. డీటీపీ పిల్లకీ ఒక తాళంచెవి అడిగింది. బల్బు రేపు, ఎల్లుండి అంటున్నారు.