పై అంతస్తుకు ముందు పునాది

కుమారునకు వివాహము నిశ్చయమైనప్పుడో, వృద్ధులైన తల్లిదండ్రులను స్వగ్రామమునుండి తీసికొనిరావలసి వచ్చినప్పుడో, ఢిల్లీ నగరమున సొంత ఇల్లు గల గృహస్థుని దృష్టి మొట్టమొదట డాబామీదికి పోవును. ఇరుప్రక్కల పొరుగువారి గోడలతో ఒరసికొని నిలిచిన ఇండ్లలో, జరుగుటకు జానెడు జాగా లేనిచోట, కుటుంబము పెరిగినకొలది ఇల్లు పైకే పెరుగవలసియున్నది. ఆ కోరిక న్యాయమైనదే. కాని పైగదికి ఎన్ని కిటికీలుండవలెనో నెలల తరబడి చర్చించుకొనువారు, ఆ గది బరువు మోయవలసిన పునాది ఎంత లోతున్నదో, ఎట్టి నేలపై నిలిచినదో ఒక్కపూటయైనను విచారింపకుండుట నాకు మిక్కిలి ఆందోళన కలిగించుచున్నది.

2010 నవంబరు 15వ తేదీ సాయంకాలము, యమునకు చేరువనున్న లక్ష్మీనగర్ లలితా పార్కులో బహుళాంతస్తుల భవనమొకటి కుప్పకూలి అరువదిమందికి పైగా అసువులు బాసిరి. వారిలో పెక్కుమంది పొట్ట చేతబట్టుకొని వచ్చి అద్దెకున్న శ్రామికులు. ఆ ఏటి వరదల పిమ్మట భవనపు అడుగున నీరు చేరియుండెననియు, అట్టి కట్టడముపై అనుమతి లేకయే అంతస్తు పెంచిరనియు నాటి వార్తలు తెలిపినవి. 2018 జులైలో గ్రేటర్ నోయిడా షాబేరిలోను, 2025 ఏప్రిల్‌లో ముస్తఫాబాద్‌లోను మరల ఇండ్లు కూలినవి, మరల ప్రాణములు పోయినవి.

పాత కాలనీలలోని పెక్కు ఇండ్లకు స్తంభములు, దూలములు లేవు. ఇటుక గోడలే భారమంతయు వహించును. క్రింద హాలు విశాలము చేయుటకై నడిమిగోడను పడగొట్టి, అదే సంవత్సరమున పైన లెంటర్ (కాంక్రీటు కప్పు) వేయించి, దానిపై వేయి లీటర్ల ట్యాంకు నిలిపినచో, ఆ నీరొక్కటే ఒక టన్ను బరువు! స్తంభములున్న ఇండ్లలో రేపటి అంతస్తుకని డాబా అంచులందు విడిచిన ఇనుప కడ్డీలను చూడుడు: ఏండ్ల తరబడి ఎండకు వానకు తుప్పు పొరలుగా లేచి, తుడిచినచో ఎర్రని పొడి అరచేతికంటును. ఆ కడ్డీలకే కొత్తవి తీగతో బిగించి మేస్త్రీ స్తంభము లేపును. చిరకాలముగా భూకంపముల నాల్గవ మండలమున లెక్కింపబడుచున్న నగరమున ఇది ఎంత సాహసమో వేరుగ చెప్పనక్కరలేదు.

2016 నాటి భవన నిబంధనలను బట్టి 105 చదరపు మీటర్లకు మించని నివాసస్థలమున నక్షా మంజూరుకై వేచియుండనక్కరలేదు. సామాన్యునికి ఈ వెసులుబాటు అవసరమే. అయినను అధికారి ముందుగా పరీక్షింపనిచోట యజమాని బాధ్యత రెట్టింపగును. ఠేకేదారు భరోసా ఇచ్చినాడని చేతులు దులుపుకొనుటకు వీలులేదు. కూలినచో గోడ కలిసిన పొరుగింటి పిల్లలకును అది ప్రాణాపాయమే. నగరపాలక సంస్థ ప్రతి వార్డునందును స్ట్రక్చరల్ ఇంజనీరును నియమించి, చిన్న ఇండ్ల పునాదులను స్వల్పరుసుముతో పరీక్షింపజేయవలెను. కూలిన పిదప చెల్లించు పరిహారముకంటె ఇది చౌక.

జనక్‌పురిలోను, ఉత్తమ్‌నగర్‌లోను ఇండ్లు కట్టుకొని స్థిరపడిన తెలుగువారికి నా మనవి ఒక్కటే. ముహూర్తము పెట్టించుకొనుటకు ముందే ఇంజనీరును పిలువుడు. పునాది ప్రక్కన గొయ్యి త్రవ్వించి చూపుడు. ఈ ఇల్లు మరియొక అంతస్తు మోయజాలదని ఆయన చెప్పినచో, ఆ మాటను మన్నించి ఆగుడు.